స్లాటు తెరవాలంటే ముందు మనిషి కావాలి

2020లో కొవిడ్ లాక్‌డౌన్ పడ్డ మొదటి వారాల్లో పెద్ద రిటైల్ సంస్థల వెబ్‌సైట్లలో జనానికి కనిపించిన మాట ఒక్కటే: 'స్లాట్లు ఖాళీ లేవు'. స్లాటంటే సరుకులు ఇంటికి చేర్చడానికి బుక్ చేసుకునే సమయం. అర్ధరాత్రి దాటాక కొత్త తేదీలు తెరుచుకుంటాయని మేలుకుని కూర్చున్నవాళ్లు, అవి కూడా నిమిషాల్లో అయిపోవడం చూసి ఉసూరుమన్నవాళ్లు దేశదేశాల్లో ఉన్నారు. వెబ్‌సైట్లు తట్టుకోలేకపోయాయనీ, యాప్‌లు చేతులెత్తేశాయనీ అప్పట్లో చాలామంది అనుకున్నారు. రద్దీకి అవీ మొరాయించిన మాట నిజమే. కానీ అసలు కరువు మనుషులకు వచ్చింది.

బ్రిటన్‌లో ఒకాడో అనే సంస్థ ఉంది. దానికి సూపర్‌మార్కెట్లు లేవు, ఉన్నవి గోదాములే. వాటిలో కొన్నింట సరుకుల డబ్బాలను రోబోలే మోసుకొస్తాయి. ఆన్‌లైన్ అమ్మకం కోసమే పుట్టిన ఆ సంస్థ కూడా 2020 మార్చిలో కొన్ని రోజులు వెబ్‌సైట్ మూసేసి, కొత్త ఆర్డర్లు ఆపేయాల్సి వచ్చింది. రోబో డబ్బాను ముందుకు తెచ్చాక అందులోంచి వస్తువు తీసి సంచిలో వేసేది అప్పటికి ఎక్కువగా మనిషే. ఆ సంచిని గుమ్మం దాకా చేర్చేదీ మనిషే. అక్కడే అలా ఉంటే, అమ్మే దుకాణంలోంచే ఆన్‌లైన్ ఆర్డర్లు కూడా సర్దే సంస్థల సంగతి చెప్పక్కర్లేదు.

అలాంటి దుకాణంలో పికర్, అంటే ఆర్డర్ ప్రకారం వస్తువులు ఏరి సర్దే మనిషి, పని ఎలా ఉంటుందో ఒకసారి చూడాలి. చేతిలో స్కానర్, ముందు అయిదారు డబ్బాలు పేర్చిన ట్రాలీ. ఒక్కో డబ్బా ఒక్కో ఇంటిది. స్కానర్ చెప్పిన వరుసలోకి వెళ్లాలి, వస్తువు తీయాలి, బార్‌కోడ్ చదివించాలి, ఎవరి డబ్బాలో వాళ్లది వేయాలి. అడిగింది లేకపోతే దానికి దగ్గరగా ఉన్న మరొకటి వెతికి పెట్టాలి. గంటకు ఎన్ని తీశారన్న లెక్క స్కానరే రాసిపెడుతుంది. లాక్‌డౌన్‌లో ఈ పనికి దూరం పాటించాలన్న నిబంధన తోడైంది. అదే వరుసలో ఎదురుగా మరో ట్రాలీ వస్తే ఆగాలి. సగం ర్యాకులు ఖాళీగా ఉంటే ప్రతి రెండో వస్తువుకూ బదులు వెతకాలి. అంటే ఆర్డర్లు పెరిగిన రోజుల్లోనే గంటకు తీసే వస్తువులు తగ్గుతాయి. పాత టార్గెట్ తగ్గించకుండా దూరం పాటించమని గోడకు కాగితం అంటించిన మేనేజరు, నిజానికి దూరం పాటించవద్దనే చెప్పినట్టు. ఆ పికర్ రెండింట్లో దేన్ని వదులుకుంటారో ఊహించడం కష్టం కాదు. టార్గెట్ తప్పితే ఆ రోజే అడుగుతారు, జబ్బు వస్తే నాలుగైదు రోజులకు గానీ తెలియదు.

సంస్థలు చేతులు ముడుచుకుని కూర్చోలేదు. ఆ మాట ఒప్పుకోవాలి. వాల్‌మార్ట్ 2020 మార్చిలో 1.5 లక్షల మందిని తీసుకుంటామని ప్రకటించి, రెండు వారాలు పట్టే నియామక ప్రక్రియను 24 గంటలకు కుదించింది. అమెజాన్ మొదట లక్ష మందిని, తర్వాత మరో 75 వేల మందిని తీసుకుంటామంది. అమెరికా, ఐరోపా గోదాముల్లోకి కొన్ని వారాల పాటు నిత్యావసరాలు, వైద్య సామగ్రి, బాగా గిరాకీ ఉన్న సరుకు తప్ప వేరేది రానివ్వలేదు. బ్రిటన్ సూపర్‌మార్కెట్ల సంస్థ టెస్కో అయిదు వారాల్లో వారపు స్లాట్లను దాదాపు 6 లక్షల నుంచి 12 లక్షలు దాటించింది. జబ్బు ముప్పు ఎక్కువున్నవారికి ముందుగా స్లాట్లు కేటాయించే ఏర్పాటు కూడా అప్పుడే వచ్చింది. ఏళ్లు పట్టే విస్తరణను వారాల్లో చేసి చూపించారు.

మా అభ్యంతరం ఆ తర్వాత జరిగినదాని మీద. అమెరికాలో అమెజాన్ గోదాము సిబ్బందికి గంటకు 2 డాలర్లు అదనంగా ఇచ్చి, 2020 మే నెలాఖరుకు ఆపేసింది. అక్కడి సూపర్‌మార్కెట్ల సంస్థ క్రోగర్ 'హీరో బోనస్' పేరుతో ఇచ్చిన 2 డాలర్ల పెంపు మే మధ్యకే ముగిసింది. అప్పటికి టీకా లేదు, జబ్బు తగ్గలేదు. ఆ ఏడాది మార్చి నుంచి సెప్టెంబరు 19 వరకు అమెరికాలోని తన 13.72 లక్షల మంది క్షేత్రస్థాయి సిబ్బందిలో 19,816 మందికి కొవిడ్ సోకిందని, లేదా సోకినట్టు భావిస్తున్నామని అమెజానే అక్టోబరులో వెల్లడించింది. ప్రమాదం ఉందని ఒప్పుకుని ఇచ్చిన భత్యాన్ని ప్రమాదం ఉండగానే తీసేయడాన్ని ఏ లెక్కలోనూ సమర్థించలేం. పరీక్షలే దొరకని రోజుల్లో పాజిటివ్ కాగితం చూపితేనే జీతంతో సెలవన్న నిబంధన ఇంతకన్నా ఘోరం. జ్వరంతో ఉన్న మనిషిని ఆ నిబంధన డ్యూటీకి తోలుతుంది.

ఫ్రాన్స్‌లో జరిగిన సంగతి ప్రతి రిటైల్ యాజమాన్యమూ చదువుకోవాలి. అమెజాన్ తన సిబ్బంది ప్రతినిధులతో కలిసి ప్రమాదాన్ని సరిగా అంచనా వేయలేదన్న కార్మిక సంఘం పిటిషన్‌పై పారిస్ పక్కనున్న నాంతేర్ పట్టణ కోర్టు 2020 ఏప్రిల్ 14న తీర్పు చెప్పింది. ఆ అంచనా పూర్తయ్యేవరకూ నిత్యావసరాలు, వైద్య సరుకుల వంటివి తప్ప వేరేవి పంపరాదని అమెజాన్‌ను ఆదేశించింది. ఏది అనుమతించినదో ఏది కాదో తేల్చుకునే తలనొప్పి కన్నా మూసేయడమే నయమనుకున్న సంస్థ అక్కడి ఆరు గోదాములకూ తాళం వేసింది. ఆదేశం మీరితే పడే జరిమానాను పైకోర్టు తగ్గించి, పంపదగిన వస్తువుల జాబితా పెంచింది గానీ తీర్పులోని మూలాన్ని కదిలించలేదు. గోదాములు మళ్లీ తెరుచుకోవడం మొదలైంది మే 19న. ఆర్డర్లు ముంచెత్తుతున్న కాలంలో నెల రోజులకు పైగా తలుపులు మూసుకున్నాయి. సిబ్బందితో ముందే కూర్చుని మాట్లాడితే ఎన్ని రోజులు పట్టేది?

అత్యవసరంలో తీసుకున్నవాళ్లను శాశ్వతంగా ఎలా ఉంచుకుంటాం, లాభం పైసల్లో ఉండే వ్యాపారమిది, అని యాజమాన్యాలు అంటాయి. అందరినీ ఉంచుకోలేరు, నిజమే. కానీ ఆన్‌లైన్‌కు మళ్లిన కొనుగోలుదారులు లాక్‌డౌన్ సడలించినా వెంటనే వెనక్కి పోలేదు. టెస్కో 2020 ఆగస్టులో 16 వేల శాశ్వత ఉద్యోగాలు ప్రకటించింది. వాటిలో 10 వేలు పికర్లవి, 3 వేలు డ్రైవర్లవి. ఎక్కువ కొలువులు మహమ్మారి మొదట్లో తాత్కాలికంగా చేరినవారికే దక్కుతాయని కూడా చెప్పింది. చేయగలిగిన పనే అని దీంతో తేలిపోయింది.

మరోసారి లాక్‌డౌన్ వస్తే ఏం చేస్తారో సంస్థలు ఇప్పుడే రాసిపెట్టుకోవాలి. దూరం పాటిస్తూ ఒక షిఫ్టులో ఎంతమంది పనిచేయగలరో ముందు తేల్చి, ఆ సంఖ్యను బట్టే స్లాట్లు తెరవాలి. ఆంక్షలు ఉన్నన్నాళ్లూ స్కానర్ టార్గెట్లు పక్కన పెట్టాలి. ప్రమాద భత్యాన్ని ప్రభుత్వ ఆంక్షలకు ముడిపెట్టాలి. అవి ఎత్తేసిన రోజే అదీ ఆగాలి, అంతకుముందు కాదు. లక్షణాలు కనిపించిన రోజు నుంచే జీతంతో సెలవు ఇవ్వాలి, కాగితం తర్వాత అడగవచ్చు. కాంట్రాక్టు సంస్థ తరఫున వచ్చిన డ్రైవరుకు కూడా ఇవన్నీ వర్తించాలి. గుమ్మం ముందు సంచి పెట్టి, బెల్లు కొట్టి వెనక్కి జరిగి నిలబడే ఆ డ్రైవరు ఎవరి జీతపు పుస్తకంలో ఉన్నాడన్నది లోపలి నుంచి తలుపు తీసే మనిషికి తెలియదు, వైరస్‌కూ తెలియదు.