మహారాజశ్రీ అగార్ ప్లేటు గారికి

తమరి దివ్యసముఖమునకు, పదకొండేళ్ళుగా, సూక్ష్మజీవులను పెంచే జెల్లీ పళ్ళెమైన తమరి ఒంటికి సముద్రపు నీరు పులుముతున్న పరిశోధకుడు వ్రాసుకొను విన్నపము.

విశాఖ దాటి పడవలో వాంతులు చేసుకుంటూ తెచ్చిన నీటిలో పదో వంతు మిల్లీలీటరును తమరికి సమర్పించి ఐదు రోజులైంది. ఈ మధ్యాహ్నం మూత తీస్తే 27 కాలనీలు (ఒక్కో కణం పెరిగి చుక్కైన గుంపులు), ఒక మూల బూజు కనిపించాయి. బూజు నా చేతి చలవే. రెండు పూటలు కరెంటు పోయిన సంగతి వదిలేస్తున్నాను. 27 కాలనీలంటే మిల్లీలీటరుకు 270 అన్నమాట. అదే సీసా నీటికి రంగు కలిపి సూక్ష్మదర్శిని కింద లెక్కిస్తే మిల్లీలీటరుకు పది లక్షలకు కాస్త అటూ ఇటూగా కణాలు తేలాయి. మిగిలినవారు ఏరీ అని అడిగితే తమరు నిగనిగలాడుతూ ఊరుకున్నారు.

పెప్టోను అనే మాంసకృత్తుల పొడి, ఈస్టు సారము కలిపి తమరు వడ్డించేది పెళ్ళిభోజనం; నడిసముద్రపు జీవులకు అలవాటైనది పల్చటి గంజి. ఊరి జనాభా చెప్పమంటే పెళ్ళిపంక్తిలో కూర్చున్నవారిని లెక్కపెట్టి, ఊరంతా ఇంతేనని తమరు రాసిచ్చారు, మేము నమ్మాము. పేరులోనే సార్ ఉన్న సార్-11 అనే బ్యాక్టీరియా కుటుంబం సముద్రాల పైనీటిలో ఇంచుమించు నాలుగింట ఒక కణంగా ఉండి కూడా, 1990లో సర్గాసో సముద్రపు నీటి నుంచి నేరుగా జన్యువులు చదివేదాకా అజ్ఞాతవాసమే చేసింది. 2002లో ప్రయోగశాలలో అది పెరిగింది కూడా శుద్ధిచేసిన సముద్రపు నీటిలోనే, తమరి పంక్తిలో కాదు. భూమధ్యరేఖకు ఇరువైపులా దాదాపు 40 డిగ్రీల దాకా వెచ్చని నీళ్ళను ఏలే ప్రోక్లోరోకాకస్ అనే బ్యాక్టీరియా సంగతి 1988లో గాని లోకానికి తెలియలేదు. అదీ లేజరు కాంతిలో ఎర్రగా మెరిసి పట్టుబడింది.

తారా అనే పరిశోధన నౌక 2009 నుంచి 2013 వరకు సముద్రాలు తిరిగి, పైపొరలో ఏ బ్యాక్టీరియా ఎక్కడ ఉండాలో ప్రధానంగా నీటి వేడిమే నిర్ణయిస్తుందని జన్యువుల ఆధారంగా తేల్చింది. నువ్వో? గోదావరి నీరు కలిసిన తేలిక పొర నుంచి తెచ్చినా, వంద మీటర్ల లోతు నుంచి తెచ్చినా నాకు చూపేది అవే పసుపుచుక్కలు! సముద్రపు ఎర్రనాచు నుంచి పుట్టినదానివి, పుట్టింటి సంగతే తెలియకపోతే ఎలా? జాము గట్టిపడటానికి వంటింట్లో వాడే నిన్ను 1881లో ప్రయోగశాలకు తెచ్చిన ఫానీ హెస్సే గారిని అనలేక నిన్ను అంటున్నాను.

అయినా రేపు మళ్ళీ అగార్ మరిగించాలి. జన్యువులు చదివే యంత్రం లక్ష పేర్లు చెబుతుంది గాని, లూపు అనే తీగతో గీకి తీసుకోవడానికి ఒక్క చుక్కనైనా చేతికివ్వదు. రాత్రికి తలకిందులుగానే పడుకో, లేకపోతే మూతకు పట్టిన చెమట నీ మీద పడుతుంది.

ఇట్లు,
ఆ 27 లెక్కపెట్టినవాడు