ఎర్ర చీటీ వెంకటేశ్వర్లు

తిరుపతిలో మా వీధి మొదట్లో నిలబడి "వెంకటేశ్వర్లూ!" అని కేకేస్తే సగం ఇళ్ల తలుపులు తెరుచుకుంటాయి. మిగతా సగంలో శ్రీనివాసులు, బాలాజీలు ఉంటారు. స్వామి ఒకడే కదా అని వాళ్లూ తొంగి చూస్తారు. కాబట్టి మా బావ పెట్టె పక్కింటి వెంకటేశ్వర్లుకు ఇచ్చిపోయిన కొరియర్ అబ్బాయిని నేనేమీ అనను.

బావది కోకిల కందిరీగల మీద పరిశోధన. గోడకు మట్టిగూడు కట్టే కందిరీగ చెమటోడ్చుతుంటే ఇది సందు చూసుకుని గుడ్డు పెట్టిపోతుంది. ఒళ్లంతా పచ్చ, నీలం తళుకులు. బుద్ధి మాత్రం అద్దె ఎగ్గొట్టే బాపతు.

వీటి పేర్లదీ మా వీధి గొడవే. 1758లో లిన్నేయస్ అనే స్వీడన్ శాస్త్రవేత్త ఒకదానికి ఇగ్నిటా అని పేరు పెట్టినాడు. ఆ పేరు చాటున ఒకే పోలికతో చాలా జాతులు ఉన్నాయని తర్వాత బయటపడింది. మరి అసలు ఇగ్నిటా ఎవరు? ఇలాంటప్పుడు మ్యూజియంలో సూదికి గుచ్చిన పాత నమూనాల్లో ఒకదాన్ని ఎంచి, పేరు దీనిదే అని తేల్చి, లెక్టోటైప్ అంటారు. అలాంటివాటికి ఎర్ర చీటీ తగిలిస్తారు.

పోల్చి చూడమని బావకు స్నేహితుడు పంపిన పురుగులు ఆ పెట్టెలో ఉన్నాయి. పక్కింటక్క తెరిచి, రాళ్ల కమ్మలనుకునింది.

"సూదులకు కాగితాలు అడ్డంగా ఉంటే పీకేసినాను నాయనా. చెవికి గుచ్చుకోవా?"

బావ అరుగు మీద కూలబడినాడు. ఎక్కడ పట్టినారో, ఎప్పుడు పట్టినారో చెప్పే చీటీ పోతే అది ఉత్త చచ్చిన పురుగే. చెత్తబుట్ట బోర్లిస్తే చీటీలన్నీ దొరికినాయి గానీ, ఏది దేనిదో ఎవరు చెప్పాల?

"ఏడవబాకురా అల్లుడా," అనింది అవ్వ. "ముందు పెట్టిందే పేరు. ఈ వీధిలో ముందు పుట్టిన వెంకటేశ్వర్లు కండక్టరు తాత. ఆయన్ని ఉండనిచ్చి మీరంతా మార్చుకోండి."

జంతువుల పేర్ల నియమావళిలో ప్రాధాన్య సూత్రమూ దాదాపు ఇదే. బావ నోరెత్తలేదు. కొరియర్లకైనా తేడా తెలియాలని, తన పేరు రాసిన ఎర్ర చీటీ మా గేటుకు అంటించినాడు.

తెల్లారి పాలాయన చెంబులో పాలు పోయకుండా గేటు బయటే నిలబడినాడు.

"బ్యాంకోళ్లు ఇల్లు జప్తు చేసినారా అవ్వా? పాత బాకీ ఇచ్చేయండి ముందు."