సవరణ: మా సర్జరీ యాంటీబయాటిక్స్ లెక్క

మా జీపీ సర్జరీ (ఫ్యామిలీ డాక్టర్ల క్లినిక్) ఇంగ్లండ్ సగటు కంటే ఎక్కువ యాంటీబయాటిక్స్ రాస్తోందని పోయిన వారం రాశాను. అది తప్పు. ఎన్‌హెచ్‌ఎస్ (అక్కడి ప్రభుత్వ వైద్య సేవ) నెలనెలా విడుదల చేసే ప్రిస్క్రిప్షన్ల డేటాలోని ఐటమ్స్‌ను (రాసిన మందుల పద్దులను) పేషెంట్ల సంఖ్యతో భాగించి ఊరుకున్నాను. ముసలివాళ్లకీ పసిపిల్లలకీ ఈ మందులు ఎక్కువ పడతాయి. అందుకే వయసునూ, ఆడామగా తేడానూ లెక్కలోకి తీసుకునే స్టార్-పీయూ కొలత వాడాలి. మా సర్జరీ కింద ముసలివాళ్లుండే కేర్ హోములు రెండున్న సంగతే నాకు తట్టలేదు! ఆ కొలతతో చూస్తే మాది సగటుకు కాస్త కిందే ఉంది.

ఇంకొకటి. ఐటమ్ అంటే మాత్రా కాదు, మనిషీ కాదు. ప్రిస్క్రిప్షన్‌లో ఒక మందు ఒకసారి రాస్తే ఒక ఐటమ్, అందులో 7 మాత్రలున్నా 28 ఉన్నా. అందుకే పోయిన వారం రాసిన "వెయ్యి మందిలో ఇంతమంది వాడుతున్నారు" అన్న వాక్యం కూడా కొట్టేశాను.