కాంట్రాక్టరుకు ముందు, రైతుకు వెనక

ఏటా వేసవిలో జరిగే తంతే ఇది. ఇన్ని వేల పంట కుంటలు తవ్విస్తాం, చినుకు చినుకూ ఒడిసిపడతాం అంటూ లక్ష్యాలు వెలువడతాయి. సరిగ్గా అదే సమయంలో నిరుడు కుంట తవ్వుకున్న రైతు పాసుపుస్తకం జిరాక్సులు చంకన పెట్టుకుని ఆఫీసుల చుట్టూ తిరుగుతుంటాడు. బిల్లు పెట్టామంటారు. పైకి వెళ్లిందంటారు. బడ్జెట్ రిలీజ్ కావాలంటారు. ఖాతాలో మాత్రం పైసా పడదు. పాత బాకీ తీర్చకుండా కొత్త లక్ష్యం ప్రకటించడానికి ఈ ప్రభుత్వాలకు నోరెలా వస్తోంది?

ఉద్యాన రైతులకిచ్చే నీటి కుంట సబ్సిడీనే తీసుకుందాం. కేంద్ర పథకమైన సమీకృత ఉద్యాన అభివృద్ధి మిషన్ 2014 నాటి మార్గదర్శకాల్లో 20 మీటర్ల పొడవు, 20 మీటర్ల వెడల్పు, 3 మీటర్ల లోతు కుంటకు మైదాన ప్రాంతంలో కట్టిన ఖరీదు 1.50 లక్షల రూపాయలు. 300 మైక్రాన్ల ప్లాస్టిక్ షీటు ఖర్చూ అందులోనే. సబ్సిడీ సగం, అంటే 75 వేలు. ఘనపు మీటరుకు 125 రూపాయల చొప్పున 1,200 ఘనపు మీటర్లకు తేల్చిన అంకె అది. గట్లు నిలువుగా కోస్తే మొదటి వానకే జారిపోతాయి కాబట్టి ఎవరైనా వాలుగానే తవ్వుతారు. అలా తవ్వితే పట్టేది 900 ఘనపు మీటర్ల లోపే. లెక్క కట్టినవారు కుంట గట్టు మీద ఎప్పుడైనా నిలబడ్డారో లేదో! అదలా ఉంచుదాం. ధరలు సవరించినా వరస మాత్రం మారలేదు. మొత్తం సొమ్ము ముందు రైతే పెట్టుకోవాలి. అధికారి వచ్చి కొలవాలి, ఫొటో ఎక్కించాలి. ఆపైన నిధులుంటే సర్కారు తన సగం వేస్తుంది.

ఆ లక్షన్నర ఎక్కడి నుంచి వస్తుంది? నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చాడనుకుందాం. నెలకు వడ్డీయే 3 వేలు. సబ్సిడీ పది నెలలు ఆలస్యమైతే 30 వేలు వడ్డీ వ్యాపారి పెట్టెలోకి వెళతాయి. చేతికొచ్చిన 75 వేలలో రైతుకు దక్కింది 45 వేలు. సగం భరిస్తామన్న ప్రభుత్వం నిజంగా భరించింది మూడో వంతు కూడా కాదు. అప్పు పుట్టనివాడి సంగతి సరేసరి. ఆ పథకం అతని కోసం కాదని చెప్పకుండానే చెప్పేశారు. కౌలు రైతు ఊసే ఎత్తనక్కర్లేదు, పట్టా లేనిదే కుంట లేదు.

ఉపాధి హామీ కింద తవ్వే కుంటకు రైతు పైసా పెట్టనక్కర్లేదన్నది కాగితం మీది మాట. మెత్తటి నేలయితే అది నిజమే కావచ్చు. సీమలో, పాలమూరులో మీటరు లోతు దిగగానే గరుసు తగులుతుంది, ఆ కింద రాయి. గడ్డపార మొన వంగిపోతుంది. యంత్రం పెట్టడానికి చట్టం ఒప్పుకోదు. పని సగంలో ఆగితే కొలత రాదు, కొలత రాకపోతే బిల్లు లేదు. చివరికి రాత్రిపూట జేసీబీ దిగుతుంది, గంటల లెక్కన దాని బాడుగ రైతే కడతాడు, పొద్దున మస్టర్‌లో, అంటే కూలీల హాజరు పట్టీలో, మనుషుల పేర్లు పడతాయి. ఇది తెలియని ఫీల్డ్ అసిస్టెంటు లేడు, తెలియని ఎంపీడీఓ లేడు. అందరూ కలిసి రైతును దొంగ లెక్కలోకి నెట్టి, రేపు సామాజిక తనిఖీలో అతన్నే నిలబెడతారు.

ముందే డబ్బులిస్తే తినేస్తారు, కుంటలు కాగితాల మీదే మిగులుతాయి అన్నది అధికారుల వాదన. అలాంటివి జరగలేదని మేమూ అనం.

అయితే ఇదే ప్రభుత్వం, ఇదే ఖజానా, పెద్ద కాంట్రాక్టరు విషయంలో ఏం చేస్తోంది? వందల కోట్ల పనికి ఒప్పందం కుదరగానే, గుప్పెడు మట్టి తీయకముందే మొబిలైజేషన్ అడ్వాన్సు చేతిలో పెడుతోంది. సాధారణంగా పని విలువలో 10 శాతం దాకా. యంత్రాలు తెచ్చుకోవాలి, కూలీలను దింపాలి, పెట్టుబడి కావాలి కదా అన్నది దానికి చెప్పే కారణం. మరి రైతుకు పెట్టుబడి అక్కర్లేదా? కాంట్రాక్టరు బ్యాంకు గ్యారంటీ ఇస్తాడంటారు. రైతు భూమి ఎక్కడికి పోతుంది? అతని పాసుపుస్తకం ఇప్పటికే బ్యాంకు బీరువాలో ఉంది. కుంట తవ్వేది కూడా ఆ భూమిలోనే. ఎత్తుకుపోలేని ఆస్తి మీద పెట్టే డబ్బుకు నమ్మకం లేదట, వేరే రాష్ట్రం నుంచి వచ్చి టెండరు వేసిన కంపెనీ మీద ఉందట!

రైతును ముందుగా ఖర్చు పెట్టమనడం వల్ల పథకం ఎవరి చేతికి చిక్కుతుందో మహారాష్ట్ర చూపించింది. అక్కడ 2016లో అడిగినవారికల్లా కుంట అన్న పేరుతోనే పథకం పెట్టారు. సబ్సిడీ 50 వేలకు మించదు, ఖర్చు చూస్తే లక్షల్లో. సహజంగానే చేతిలో డబ్బున్న ద్రాక్ష, దానిమ్మ రైతులు పెద్ద పెద్ద కుంటలు తవ్వి ప్లాస్టిక్ పరిచారు. వాన నీటి కోసం ఆగలేదు. బోర్లతో భూగర్భ జలాన్ని తోడి వాటిలో నింపారు. పాతాళంలో భద్రంగా ఉన్న నీటిని ఎండకు ఆరబెట్టారన్నమాట. పక్కనున్న చిన్న రైతు బోరు ఎండిపోయింది. దీన్ని చూపి మన దగ్గర కొందరు అసలు కుంటలకు సబ్సిడీయే దండగ అంటున్నారు. తప్పు కుంటది కాదు. డబ్బున్నవాడే ముందుకు రాగలిగేలా పథకం రాసినవారిది.

కుంట అవసరమేమిటో తెలియాలంటే ఆగస్టు నెలలో అనంతపురం జిల్లాలో ఏ వేరుశనగ చేను గట్టు మీదనైనా నిలబడితే చాలు. ఏడాదికి కురిసేదే 550 మిల్లీమీటర్ల చుట్టూ. అదీ నాలుగు పెద్ద వానలుగా కురిసి, మధ్యలో మూడు వారాలు మొహం చాటేస్తుంది. ఊడలు దిగే వేళ బెట్ట తగిలితే కాయ ఊరదు. అప్పుడు కావలసింది కాలువలూ కావు, ఎత్తిపోతలూ కావు. ఒక్క తడి. ఎకరాకు రెండంగుళాల తడి ఇవ్వాలంటే రెండు లక్షల లీటర్లు. చేను పల్లపు మూలన 8 లక్షల లీటర్ల కుంట నిండి ఉంటే, ఇంకింది, ఆవిరైంది తీసేసినా మూడెకరాలు గట్టెక్కుతాయి. ఆ నీళ్లు కుంటలో నిలవాలంటే పూడిక పట్టే గుంత ముందు ఉండాలి, లోపల షీటో సిమెంటు పూతో ఉండాలి, పైన కంచె ఉండాలి. తవ్వేసరికే చేతిలో డబ్బులు అయిపోయిన రైతు మొదట మానేసేది కంచె. కుంటల్లో పడి పిల్లలు పోయారన్న వార్తలు ప్రతి వేసవి సెలవుల్లో ఈ పత్రికలోనే అచ్చవుతున్నాయి. ఆ కుంటలకు బిల్లు ఎప్పుడు వచ్చిందో ఏ విచారణలోనూ ఎవరూ అడగరు.

ఇక ముందు ఇది ఇంకా ముదురుతుందన్నదే మా భయం. ఉపాధి హామీ చట్టం స్థానంలో 2025 డిసెంబరులో పార్లమెంటు ఆమోదించిన వీబీ-జీ రామ్ జీ చట్టం ఖర్చుల లెక్కనే మార్చేసింది. ఇన్నాళ్లూ కూలి డబ్బు మొత్తం కేంద్రానిదే, సామగ్రి ఖర్చులో మాత్రమే రాష్ట్రం పాతిక శాతం పెట్టేది. ఇకపై మొత్తం ఖర్చులో 40 శాతం మన లాంటి చాలా రాష్ట్రాల నెత్తిన పడుతుంది. పాతిక శాతం వాటాకే కిందామీదా పడిన ఖజానాలు 40 శాతాన్ని సకాలంలో ఇస్తాయని ఎవరు నమ్మాలి? 2018-19లో చేసిన ఉపాధి పనుల బిల్లుల కోసం ఆంధ్రప్రదేశ్‌లో పనులు చేయించినవారు హైకోర్టుకెక్కాల్సి వచ్చింది, 2021లో కోర్టు ఆదేశిస్తే గానీ కదలిక రాలేదు. వాళ్లకు వకీలును పెట్టుకునే స్తోమతైనా ఉంది. మూడెకరాల రైతు ఏ కోర్టుకు వెళతాడు? పైగా ఇది ఈ రాష్ట్రానికి తగిలిన మరో దెబ్బ. ఉపాధి హామీకి 2006 ఫిబ్రవరి 2న శ్రీకారం చుట్టింది అనంతపురం జిల్లా బండ్లపల్లిలోనే. ఆ జిల్లా చేలల్లోనే కుంటల బిల్లులు రెండు ఖజానాల మధ్య బంతిలా ఎగరబోతున్నాయి. కేంద్రం విడుదల చేయలేదని రాష్ట్రం, రాష్ట్రం జమ చేయలేదని కేంద్రం చెప్పుకోవడానికి చక్కటి ఏర్పాటు. ఒకసారి ఇది అలవాటైతే డ్రిప్పుకూ ఇదే వరస, పందిళ్లకూ ఇదే వరస, గోదాములకూ ఇదే వరస. రైతు ముందు, సర్కారు వెనక. కాంట్రాక్టరు దగ్గర మాత్రం సర్కారే ముందు.

చేయాల్సింది తెలియక కాదు. మంజూరు పత్రంతో పాటే సర్కారు వాటాలో మూడో వంతు రైతు ఖాతాలో వేయండి, తవ్వకం పూర్తయ్యాక ఇంకో వంతు, షీటు పరిచి కంచె వేశాక మిగిలింది. బోరు నీటితో నింపే కుంటకు రూపాయి ఇవ్వకండి. రాయి తగిలిన నేలలో యంత్రాన్ని బాహాటంగా అనుమతించి ఆ ఖర్చు ఎస్టిమేటులోనే రాయండి. గడువు దాటితే రైతుకు వడ్డీ కట్టండి. పనికి ముందు, మధ్య, తర్వాత అంటూ మూడు ఫొటోలు తీసి ఉపగ్రహ చిత్రం మీద గుర్తు పెట్టే వ్యవస్థ మీ దగ్గరే ఉంది. అన్ని కళ్లున్న ప్రభుత్వానికి 25 వేల రూపాయలు ముందుగా ఇవ్వడానికి మాత్రం చేతులు వణుకుతున్నాయి.

ఒకప్పుడు ఆంధ్రప్రదేశ్‌లో పంట సంజీవని పథకం అంటూ 10 లక్షల కుంటల లక్ష్యం చెప్పారు. పేర్లు మారాయి, పార్టీలు మారాయి, వేదికల మీద అంకెలు మారాయి. కాబట్టి ఈసారి కొత్త అంకె చెప్పే మంత్రి ముందు ఒక పని చేయాలి. ఏ మండలంలో ఎందరు కుంట రైతులకు ఎంత బాకీ ఉందో, ఏ తేదీ నుంచి ఉందో, జాబితా రాసి ప్రతి గ్రామ సచివాలయం గోడకు అతికించాలి. అంత ధైర్యం లేకపోతే వేదికెక్కకుండా ఊరుకోవాలి. తన వాటా తాను పెట్టలేనివాడికి పక్కవాణ్ణి తవ్వుకోమని చెప్పే హక్కు లేదు.