ఇక్కడ గంట ఎవరు కొడతారండీ?

పోయిన నెల మా అమ్మాయి ఇంటర్ సీటు కోసం మూడు గర్ల్స్ క్యాంపస్‌లు తిరిగాం. మూడుచోట్లా మాకు ముందు చూపించింది గోడ.

ఒకచోట పీఆర్వో కుర్రాడు మా ఆయన్ని పక్కకి తీసుకెళ్లి, "పదడుగుల గోడ సార్, పైన ఫెన్సింగ్, కారిడార్ కారిడార్‌కీ కెమెరా. ఔటింగ్‌కి ఫాదర్ వేలిముద్ర పడితేనే గేటు తీస్తాం" అని చెప్పుకొచ్చాడు. చదవబోయే పిల్లా నేనూ అక్కడే దిష్టిబొమ్మల్లా నిలబడి ఉన్నాం. ల్యాబ్ ఎక్కడని నేనే అడిగాను. తాళం వేసుంది. "ప్రాక్టికల్స్‌కి ముందు తీస్తాం మేడం, ఇప్పట్నుంచీ ఎందుకు డిస్టర్బెన్స్" అన్నాడు. గ్రౌండ్ సంగతి అడిగితే, ఎండకి పిల్లలు నల్లబడతారని పేరెంట్సే వద్దంటున్నారట. నిజమే అయ్యుంటుంది. మనవాళ్ల సంగతి నాకు తెలీదా.

ఇంటికొచ్చాక మా అత్తయ్యగారు అడిగిన మొదటి మాట కూడా "గోడ బాగా ఎత్తుందా అమ్మా?" అనే. అప్పట్నుంచి ఒళ్లు మండుతోంది. అందుకే ఇంత పొడుగు పోస్టు, ఓపికుంటే చదవండి.

నేను ఆరు నుంచి పది దాకా చదివింది ఆడపిల్లల హైస్కూల్లోనే. గోదావరి జిల్లాలో ఒక ట్రస్టు వాళ్లు నడిపే ప్రైవేటు బడి. గోడ నడుమెత్తు ఉండేది. అది కూడా ఒకచోట కూలిపోతే, ఆ సందులో జామకాయల అవ్వ బుట్ట పెట్టుకుని కూర్చునేది.

వేపచెట్టుకి రైలుపట్టా ముక్క ఒకటి వేలాడేది, అదే మా గంట. ఇనప కడ్డీతో కొట్టాలి. ఏడో తరగతి నుంచి వారానికి ఇద్దరికి ఆ డ్యూటీ. పాఠం మధ్యలో లేచి, "టైమైంది మేడం" అని చెప్పి, స్టాఫ్‌రూమ్ గడియారం చూసుకుని, వెళ్లి కొట్టాలి. నా వారంలో ఒకరోజు లెక్కల పీరియడ్‌లో మునిగిపోయి మర్చిపోయాను. పదకొండు నిమిషాలు స్కూలంతా అదే పీరియడ్‌లో ఉండిపోయింది. హెడ్మిస్ట్రెస్ గారు పిలిస్తే ఏడుపు మొహంతో వెళ్లాను. "రేపు ఎలా గుర్తుపెట్టుకుంటావ్?" అని ఒక్కటే అడిగారు. డ్యూటీ మాత్రం తీసెయ్యలేదు. మర్నాడు అరచేతిలో పెన్నుతో టైములు రాసుకెళ్లాను. చెమటకి సగం చెరిగిపోయాయి, అది వేరే కథ.

బెంచీలు మోసేది మేమే. మైకు సెట్టు బిగించేది మేమే. జెండా తాడు ఇరుక్కుంటే కర్ర పట్టుకుని లాగేదీ మేమే. వార్షికోత్సవంలో అల్లూరి సీతారామరాజు వేషం మా అందరిలోకీ పొడుగు పిల్లది. గడ్డం ఊడి చేతికొచ్చినా డైలాగు ఆపలేదు మహాతల్లి, గడ్డం పట్టుకునే తెల్లవాళ్లని బెదిరించింది. మా చెల్లి కో-ఎడ్యుకేషన్‌లో చదివింది. అక్కడ బెంచీలు జరపాలంటే "బాయ్స్ రండి", ముగ్గెయ్యాలంటే "గర్ల్స్ రండి". టీచర్లలో చెడ్డ ఉద్దేశమేమీ ఉండదు. ఎదురుగా మగపిల్లాడు కనబడితే పని వాడి చేతికెళ్తుంది, అంతే. మా బళ్లో వాడు లేడు కాబట్టి అన్నీ మా చేతికే వచ్చాయి. ఆడపిల్లల బడి వల్ల లాభమేంటి అని ఎవరైనా అడిగితే నేను చెప్పేది ఇదొక్కటే.

కాదు, ఇంకోటుంది. ప్రత్యుత్పత్తి పాఠం చెల్లి వాళ్లకి "ఇంటి దగ్గర చదువుకోండి" అని దాటేశారు. మా మేడం బోర్డు మీద బొమ్మ గీసి నాలుగు రోజులు చెప్పారు. మొదటిరోజు కిసకిసలు, నాలుగోరోజుకి సందేహాలు.

అలాగని మా బడి స్వర్గమేం కాదు. రెండు జడలు మడిచి రిబ్బన్లు కట్టకపోతే ఎండలో నిలబెట్టేవారు. అతిథులొస్తే పూలపళ్లెం తెల్లగా ఉన్న పిల్లలకే. కుట్లు అల్లికల పీరియడ్ నాకు నరకం. ఇప్పటికీ మా ఇంట్లో బొత్తాలు కుట్టేది మా ఆయనే.

"అబ్బాయిలతో మాట్లాడటం రాదు కదా" అంటారు. కాలేజీలో మొదటి నెల నేనూ తడబడ్డాను, కాదనను. కానీ మా తమ్ముడు పదేళ్లు కో-ఎడ్యుకేషన్‌లోనే చదివాడు. వాడికి ఇప్పటికీ ఆడవాళ్లతో మాట్లాడటం రాదు. కావాలంటే మా మరదల్ని అడగండి.

ఇక్కడ హైదరాబాద్‌లో నారాయణగూడ మీదుగా వెళ్లినప్పుడల్లా నాకు మాడపాటి హనుమంతరావు గారు గుర్తొస్తారు. 1928లో అక్కడ తెలుగులో చదువు చెప్పే ఆడపిల్లల బడి పెట్టారు. నిజాం రాజ్యంలో పైచదువు ఎక్కువగా ఉర్దూలోనే. తెలుగు హైస్కూలుకి సర్కారు గుర్తింపు దొరకలేదు. మూసేసుకోలేదు వాళ్లు. పూనాలో కార్వే గారి మహిళా విశ్వవిద్యాలయం మాతృభాషలో చదువుకోనిస్తుందని తెలిసి, తమ పిల్లల్ని ఆ పరీక్షలకి పంపారు. ఇండిపెండెంట్ స్కూల్ అంటే నాకు అదీ. ఇప్పుడు బ్రోషర్లలో ఆ మాట చూస్తుంటే, ఫీజు పెంచుకోవడానికి తప్ప దేనికి ఇండిపెండెంటో అర్థం కాదు. పక్క క్యాంపస్‌లో ఏ టైంటేబులో ఇక్కడా అదే.

దుర్గాబాయి దేశ్‌ముఖ్ గారి కథ మనందరికీ తెలిసిందే. 1923 కాకినాడ కాంగ్రెస్ సభలప్పుడు ఖాదీ ప్రదర్శన గేటు దగ్గర వాలంటీరు. పద్నాలుగేళ్ల పిల్ల. టికెట్ లేదని నెహ్రూని ఆపేసింది, టికెట్ తెప్పించాకే లోపలికి వదిలింది. ఆ పిల్ల ధైర్యం గురించే అందరం చెప్పుకుంటాం. ఆ వయసు పిల్లని గేటు దగ్గర నిలబెట్టి, "టికెట్ లేకపోతే ఎవర్నీ పంపకు" అని పని అప్పజెప్పినవాళ్లు కూడా ఉన్నారు కదా! ఇప్పుడు ఇంచుమించు అదే ఈడు పిల్లలున్న క్యాంపస్ గేటుకి వేలిముద్రల మిషన్ పెట్టాం. వేలు నాన్నది.

భయాలు నాకూ ఉన్నాయి. రోజూ పేపర్ చదువుతూనే ఉన్నాను, గోడ వద్దనేంత తెగింపు నాకూ లేదు. కానీ లోపల పొద్దున ఆరింటి నుంచి రాత్రి పదింటి దాకా స్టడీ అవర్లు, ప్లేటు కూడా ఆయాలే కడుగుతారట, "మీ పాప చదువు తప్ప ఇంకేం ముట్టుకోనక్కర్లేదు" అని గొప్పగా చెబుతున్నారు. రెండేళ్లు ఏమీ ముట్టుకోకుండా ఉండటానికి రెండున్నర లక్షలు.

చెప్పడం మర్చిపోయాను. ఆ రోజు బయల్దేరేముందు పీఆర్వో "ఇంకేమైనా డౌట్స్ ఉన్నాయా?" అన్నాడు, మళ్లీ మా ఆయన్నే చూస్తూ. నా గంట కథ వెయ్యిసార్లు విని విసిగిపోయిన మా అమ్మాయి ముందుకొచ్చి అడిగింది.

"ఇక్కడ గంట ఎవరు కొడతారండీ?"

"ఆటోమేటిక్ అమ్మా" అన్నాడు సంబరంగా. "సాఫ్ట్‌వేర్ పెట్టాం. సెకను కూడా తేడా రాదు."