ఎవ్రీవన్‌కి తాళంచెవి ఇచ్చిన యాంటీవైరస్ గారికి

మహారాజశ్రీ యాంటీవైరస్ గారికి,

ఉభయకుశలోపరి అని రాయాలి గానీ, క్షేమంగా ఉన్నది మీరొక్కరే. నా ఆదివారం పోయింది.

మీ రెన్యువల్ పాపప్‌ల ఊసెత్తను. జీతాల రోజున అకౌంట్స్ వాళ్ల ఎక్సెల్ మాక్రోని వైరస్ అని పట్టుకెళ్లి క్వారంటైన్‌లో కూర్చోబెట్టారు, అదీ మర్చిపోయాను. సరిగ్గా మీటింగ్ మొదలయ్యేసరికి మీకు ఫుల్ స్కాన్ గుర్తొస్తుంది. సరే, పెద్దవారు.

కానీ ఆ ఫోల్డర్ పర్మిషన్ ఏమిటండీ?

శుక్రవారం మా ట్రైనీ కుర్రాడు "సార్, ఇదొకసారి చూడండి" అన్నాడు. నల్ల స్క్రీన్ మీద ఐక్యాకల్స్ అని, ఏ ఫోల్డర్ మీద ఎవరికేం హక్కులున్నాయో చెప్పే కమాండ్ కొట్టి మీ ఫోల్డర్ చూపించాడు. మొదటి లైన్లోనే ఎవ్రీవన్, పక్కన బ్రాకెట్లో ఎఫ్. అంటే ఫుల్ కంట్రోల్. గెస్ట్ లాగిన్‌తో వచ్చినవాడైనా సరే, ఫైళ్లు మార్చేయొచ్చు, తీసేయొచ్చు. అడ్మిన్ హక్కుల్లేని తన లాగిన్‌తోనే మావాడు, మెషీన్ ఆన్ కాగానే దానంతటదే నడిచే మీ సర్వీస్ ఫైల్ పేరు మార్చాడు. ఆ పాత పేరుతో తను రాసుకున్న బుల్లి ప్రోగ్రామ్ పెట్టి రీస్టార్ట్ కొట్టాడు. మీరు నడిచేది సిస్టమ్ అకౌంట్ మీద కదా, అడ్మినిస్ట్రేటర్ కంటే పై పీట. ఆ పీటెక్కి వాడి ప్రోగ్రామ్ వాణ్ణి అడ్మినిస్ట్రేటర్ని చేసేసింది. నాకా హక్కు రావడానికి మూడు సంతకాలు, నెల రోజులు పట్టింది.

నాకు నిద్ర పట్టనివ్వనిది మాత్రం ఇంకొకటి. మీరు కాపురముండే ప్రోగ్రామ్ ఫైల్స్ అనే ఫోల్డర్‌కి విండోస్ ముందే తాళం వేసి ఇస్తుంది. మామూలు యూజర్ చదవగలడు, నడపగలడు, అంతే. మీరు ఏమీ చేయకుండా ఊరుకున్నా సరిపోయేది! పనిగట్టుకుని ఆ తాళం తీసి అందరికీ తలో తాళంచెవి పంచారు. కంచే చేను మేసిందంటారు. నువ్వు మేయనైనా మేయలేదయ్యా, కంచె పీకేసి ఊళ్లో గొడ్లన్నిటినీ పేరంటానికి పిలిచావు.

పోనీ కొత్త తప్పా? 2005లోనే నీ వంశంలో ఒకరికి దీని మీద సీవీఈ నంబర్, అంటే బయటపడ్డ భద్రతా లోపానికి వేసే నంబర్, పడింది. సాఫ్ట్‌వేర్ తప్పుల్ని రకాలవారీగా రాసిపెట్టే సీడబ్ల్యూఈ జాబితాలో 276వ నంబర్ అచ్చంగా ఈ తప్పుకే కేటాయించారు: ఇన్‌కరెక్ట్ డిఫాల్ట్ పర్మిషన్స్.

నీ కస్టమర్ కేర్‌కి ఫోన్ చేస్తే, "వాడు ముందు మెషీన్‌లో లాగిన్ అవ్వాలి కదా సార్, రిస్క్ తక్కువే" అన్నారు. మా ఆఫీసులో అందరూ పొద్దున్నే చేసే మొదటి పని అదే.

ఆదివారం ఒక్కణ్ణే కూర్చుని 38 మెషీన్లలో ఎవ్రీవన్‌ని పీకేశాను. మధ్యాహ్నం భోజనం కూడా లేదు. మంగళవారం నువ్వు అప్‌డేట్ అయ్యావు. ఎందుకో అనుమానమొచ్చి ఒక మెషీన్‌లో కమాండ్ కొట్టి చూశాను.

ఎవ్రీవన్. ఎఫ్.

ఇట్లు,
మూడు సంతకాల అడ్మినిస్ట్రేటర్