సవరణ: గుడ్డ ఏనుగు కళ్ల గురించి

పాత నేత చీరతో గుడ్డ ఏనుగు కుట్టడం గురించి రాసిన పోస్టులో కళ్లకు చొక్కా గుండీలు పెట్టమన్నాను. అది బడికి వెళ్లే వయసు పిల్లలకు. ఏడాది నిండని పాపకు అలాగే కుట్టొచ్చా అని కావలి నుంచి ఒకావిడ అడిగారు. వద్దమ్మా, అసలు వద్దు.

మూడేళ్లలోపు పిల్లల బొమ్మకి గుండీలు, పూసలు, మువ్వలు ఏవీ ఉండకూడదు. దారం ఎంత గట్టిదైనా, పళ్లొచ్చే పిల్లలు రోజంతా చప్పరించి లాగితే నానుతుంది, అరుగుతుంది. ఊడిన గుండీ గొంతులో అడ్డం పడితే ఊపిరాడదు. కళ్లు దారంతోనే కుట్టండి. నల్లదారంతో గొలుసు కుట్టు చుట్టూ తిప్పి మధ్యలో నింపితే చాలు, నిజానికి గుండీ కంటే అందంగా ఉంటుంది. తోక కూడా పొడుగు తాడు కాకుండా బెత్తెడులోపే పెట్టండి.

ఇంకొకటి, లోపల కూరే దూది. బూరుగు దూది మెత్తనే, కానీ ఉతికితే ఉండ కడుతుంది. మన నెల్లూరు వైపు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ముసురు పడితే లోపలి తడి ఆరక బూజు వాసన వస్తుంది. చంటిపిల్లల బొమ్మకి రిక్రాన్ (దిండ్లలో నింపే పాలిస్టర్ దూది) వాడండి, త్వరగా ఆరుతుంది. ఆఖరి కుట్టు మాత్రం రెండు వరసలు వేయండి, దూది బయటికొస్తే అదీ నోట్లోకే పోతుంది.